ఏనుగు కడుపులో పిల్ల

“మూస్తే చీకటి, తెరిస్తే వెలుతురు. ఒక్క కిటికీకి పొద్దున్నించీ ఇంత రచ్చ యాలమ్మా?” అన్నాడు దేవేంద్ర. తన పెళ్లి డెకరేషన్ షాపుకు బయల్దేరినవాడు ఒక కాలికే చెప్పు వేసుకుని గడపలో ఆగిపోయాడు.

తల్లి వెంకటరత్నమ్మ కొడుకు మాట పట్టించుకోలేదు. కిటికీ రెక్క మీద వేసిన చెయ్యి తియ్యలేదు. కిటికీ కింద చాప మీద కూర్చున్న కోడలు కమలాక్షి కూడా లేవలేదు. ఆమె ముందు రాత్రి నానబెట్టిన అనపగింజలున్నాయి. గింజను రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే తొక్క వేళ్లలో మిగిలి, పప్పు టప్పుమని గిన్నెలో పడుతుంది.

“చీకట్లో పుచ్చుగింజలు కనపడవత్తా. రేపు పితికిపప్పులో పురుగొచ్చిందంటే నన్నే అంటావు.”

“పురుగొస్తే తీసి పారేస్తాం. పగలు కత సెప్తే మేనమామ దావ తప్పుతాడు. కిటికీలు మూసి తలుపు దగ్గరేస్తే రాత్రయినట్టే లెక్క. నేనెవురి కోసరం సెప్తాండాను? మన కీర్తనకి మేనమామ ఎవురు? నీ తమ్ముడే గదా. రోడ్డు మీద లారీ తోలే మనిషి.”

తమ్ముడి మాట ఎత్తేసరికి కమలాక్షి లేచింది. గిన్నెలు రెండూ ఎత్తుకుని వంటింట్లోకి నడిచింది. వెనక కిటికీ రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి మూసుకోవడం వినిపించింది.

“సారీ అక్కా. ఒక గంటే” అంది శ్వేత.

శ్వేత కమలాక్షికి తోడికోడలు, మరిది నవీన్ భార్య. బెంగుళూరులో ఎగ్జిబిషన్ల డిజైనింగు పని. ఢిల్లీలో ఫిబ్రవరిలో జరిగే జాతీయ బాలల ప్రదర్శనకు ఒక్కో రాష్ట్రం ఒక్కో పెవిలియన్ పెడుతోంది. పిల్లల కథల మీద ఉండాలట. మన రాష్ట్రం పెవిలియన్‌కు శ్వేత పంపిన ఆలోచనే ఎంపికైంది. అందులోని ఏనుగు కథ అత్తగారిది. అందుకే రెండు రోజులుగా మదనపల్లెలో మకాం పెట్టి, వెంకటరత్నమ్మ పైటకొంగుకు గింజంత మైకు తగిలించి కూర్చుంటోంది.

“నిన్న రెండు ముక్కలు చెప్పి తలనొప్పని పండుకునేసినారు. ఇయ్యాల అట్ల చేయొద్దత్తయ్యా. నేను తల మాత్రం ఊపుతాను. నా గొంతు పడితే రికార్డింగు పాడవతాది.”

“నువ్వేం సేసినా సరేలేమ్మా. మా కుప్పం పిల్లవి” అంది వెంకటరత్నమ్మ.

ఆ మాట వంటింటిదాకా వచ్చింది. కమలాక్షి వేలి కింద గింజ తొక్కతో సహా చితికింది. వెంకటరత్నమ్మ పుట్టిల్లు రామకుప్పం పక్క పల్లె. శ్వేతవాళ్లది కుప్పం. తనది పుంగనూరు. ఈ ఇంటికొచ్చి పద్దెనిమిదేళ్లయినా, ఎవరైనా అడిగితే అత్తగారు ‘పుంగనూరామె’ అనే చెబుతుంది. ఆమె తనతో ఆడిన మాటలన్నీ పనుల పేర్లే. ఉప్పు చూసినావా, నీళ్లు పట్టినావా, గేటేసినావా. కథ చెప్పే గొంతు వేరే ఉంది ఆమెకు. కీర్తన చిన్నప్పుడు మంచం మీద దాన్ని పక్కలో వేసుకుని చెబుతుంటే కమలాక్షి గిన్నెలు తోముతూ వినేది. అప్పుడది మనవరాలికని సరిపెట్టుకుంది. ఇప్పుడు పట్టపగలు, కిటికీలు మూసుకుని, మొన్న వచ్చిన కోడలికి.

“ఆ ఏనుక్కి ఆకలేసింది” అని మొదలైంది హాల్లో. “రాగిచేను మేసింది. సాల్లేదు. చేలో మంచె మింగింది. మంచె మీద మనిషిని మింగింది. అబుటికీ సాలక ఊర్లోకొచ్చి ఊరు ఊరే మింగేసింది.”

గింజలు టప్ టప్ మని పడుతున్నాయి. కథ వద్దనుకున్నా చెవులు అటే ఉన్నాయి.

“కడుపులోకి పోయినోళ్లు ఏం జేస్తారు? ఆడనే పొయ్యి పెట్టుకున్నారు. సంగటి కెలుక్కున్నారు. ఒకరి మొగం ఒకరికి కనపడదు, అంత సీకటి. వాళ్లలో ఒక పిల్ల ఉండాది. కతలు సెప్పేది తప్ప దానికి ఇంకో పని రాదు. ఊరికే ఉండలేక కత ఎత్తుకునింది. కడుపులో కత సెప్తే ఏనుక్కి యినబడదా? యినేటోళ్లు ఊ కొట్టాల గదా. ఏనుగు తొండమెత్తి ఊ అనింది. ఊ అనేతలికి నోరు తెరుసుకునింది. ఆ సందున ఒగడు బయటికి దుమికినాడు.”

కుక్కరు కూత పెట్టింది. కమలాక్షి లేచి, కూతలు లెక్కపెట్టుకుంటూ స్టవ్ దగ్గరే నిలబడింది. ఆ మోతలో హాల్లో ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. మంట ఆర్పి వచ్చి మళ్లీ గింజల ముందు కూర్చున్నాక కథలో ఊరు మెల్లమెల్లగా ఖాళీ అయింది. ఏనుగు ఊ అన్నప్పుడల్లా ఒకరు దుమికారు. చివరికి ఆ పిల్ల ఒక్కతే మిగిలింది.

“ఇబుడు ఆ పిల్ల దుమకాలంటే కత ఆపాల. కత ఆపితే ఏనుగు ఊ అనదు. ఊ అనకపోతే నోరు తెరుసుకోదు.” వెంకటరత్నమ్మ ఆగింది. “మిగతాది రేపు సెప్తా. నడుము నొస్తాంది.”

కిటికీలు తెరిచారు. శ్వేత ల్యాప్‌టాప్‌లో బొమ్మ చూపించింది. వెదురు పక్కటెముకలు, వాటి మీద బూడిదరంగు గుడ్డ, లోపల చిన్న చిన్న దీపాలు. పిల్లలు తోకవైపు నుంచి ఏనుగు కడుపులోకి పోయి నోట్లోంచి బయటికి రావాలి. గుమ్మం పక్కన బోర్డు: కథ – వెంకటరత్నమ్మ. రూపకల్పన – శ్వేత. ఆ బోర్డు దగ్గర వెంకటరత్నమ్మ తన పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది.

“కట్టేది మన షాపోళ్లే. లెక్కన ఢిల్లీలో మన స్టేజీ!” అన్నాడు దేవేంద్ర, కథ అయ్యేదాకా గడపలోనే ఉండి, వేసుకున్న ఒక్క చెప్పూ విప్పేసి లోపలికొచ్చి. “కమలా, నమూనా కోసియ్యి. ఏనుగులంటే నీ తరువాతే ఎవురైనా.”

అది నిజమే. ఆ చుట్టుపక్కల ఏ పెళ్లి స్టేజీ మీదైనా అటొకటి ఇటొకటి నిలబడే థర్మకోల్ ఏనుగులు కమలాక్షి కోసినవే. మధ్యాహ్నం షెడ్లో కూర్చుని, వేడెక్కిన తీగను థర్మకోల్ దిమ్మలోకి దింపి, మణికట్టు తిప్పుతూ కోసింది. వీపు, చెవులు, ఎత్తిన తొండం. నుదుటికి పట్టం, మెడలో గొలుసు, కాళ్లకు గజ్జెలు కూడా చెక్కింది. ఎవరూ అడగకపోయినా చెక్కింది.

శ్వేత దాన్ని రెండు చేతులతో తీసుకుని అన్నివైపులా తిప్పి చూసింది. “ఎంత బాగుందక్కా” అని, దాన్ని జాగ్రత్తగా కింద పెట్టింది. “కాకపోతే ఇది పెళ్లి ఏనుగు. మనకు కావాల్సింది ఆకలేసిన ఏనుగు.”

ఆ మాట తప్పయితే కమలాక్షి మరిచిపోయేదే. తప్పు కాదు. పక్కటెముకలు కనపడాల్సిన చోట తను గొలుసు పెట్టింది. అదే ఆమెకు రాత్రంతా గుచ్చుకుంది.

*

మర్నాడు పొద్దున దోసెలు పోస్తుంటే తమ్ముడు ధనుంజయ ఫోన్ చేశాడు. మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమేటా లోడు దింపి తిరిగొస్తున్నాడు.

“నిన్న పోయేటప్పుడు భలే అయిందక్కా. పలమనేరు దాటినాక రోడ్డు పనులంట, డైవర్షన్ పెట్టినారు. ఏదో పల్లెలోకి పోయి ముందుకూ పోలేక వెనక్కూ రాలేక గంట తిరిగినాను. మంచికే అయిందిలే, ఆ పల్లెలో ఒకామె నాటుకోడి పులుసుతో సంగటి పెట్టింది. అబ్బా, నీ చేత్తో ఒక్కరోజైనా అట్ల చేసినావా?”

“నోరుమూసుకోని బండి తోలు” అని నవ్వి పెట్టేసింది.

హాల్లో శ్వేత వెంకటరత్నమ్మ కొంగుకు మైకు తగిలిస్తోంది. వెంకటరత్నమ్మ మెడ చాపి, పెళ్లికూతురిలా కదలకుండా కూర్చుంది. మొదటి దోసె శ్వేత కంచంలో ఉంది. అత్తగారే తన కంచంలోది తీసి వేసినట్టుంది. “తిను బిడ్డా, బక్కసిక్కి పోయినావు” అంటోంది.

కమలాక్షి దోసెల గంటె చేతిలో పట్టుకునే గుమ్మంలో నిలబడింది. “మా తమ్ముడు నిన్న పలమనేరు కాడ దావ తప్పినాడంట” అంది.

అందరూ తల తిప్పారు.

“పగలే” అని చేర్చింది. డైవర్షన్ గురించి చెప్పలేదు. నాటుకోడి గురించి అసలే చెప్పలేదు.

వెంకటరత్నమ్మ గబుక్కున కంచం పక్కకు జరిపింది. తన కొంగుకున్న మైకును తనే విప్పి చాప మీద పెట్టింది. “కిటికీ మూసినంత మాత్రాన రాత్రి అవతాదా? పెద్దోళ్లు ఊరికే సెప్పలే” అంది ఎవరితోనో అన్నట్టు.

“అత్తయ్యా, ముగింపు ఒక్కటే మిగిలింది. బుధవారంలోపల నేను డిజైన్ పంపాల.”

“నీ డిజైను కోసరం ఆ పిలగాణ్ణి రోడ్డున పెట్టమంటావా?”

కమలాక్షి పొయ్యి దగ్గరికి వెళ్లి పెనం మీద నీళ్లు చిలకరించింది. చుయ్యిమంది. ఆ శబ్దం హాయిగా అనిపించింది. తర్వాతి దోసె గుండ్రంగా వచ్చింది, అంచులు పలచగా, ఎర్రగా.

ఆ హాయి ఎంతోసేపు లేదు. శ్వేత మధ్యాహ్నం కారులో కుప్పం వెళ్లిపోయింది. వాళ్ల నాన్న రామమూర్తికి అక్కడ చింతపండు గోడౌను ఉంది. చింతపండు ఇంకా రాని కాలం కాబట్టి ఖాళీగా ఉంది. మచ్చుకు ఏనుగు కడుపు మాత్రం అందులో కట్టి, వీడియో తీసి ఢిల్లీకి పంపాలి. ఆమె కారు సందు మలుపు తిరిగాక కమలాక్షి లోపలికొచ్చి చూస్తే, దేవుడి పటాల ముందు దీపం వెలుగుతోంది. పొద్దున్నించి వెంకటరత్నమ్మ కంచం ముట్టలేదు.

“యాల తినలేదత్తా?”

“మీ తమ్ముడు ఇల్లు జేరినాడని ఫోనొస్తే తింటాలే. నువ్వు తిను.”

డైవర్షన్ అన్న ఒక్క మాట చెబితే సరిపోయేది. అది నోటిదాకా వచ్చింది. చెబితే శ్వేతకు మళ్లీ ఫోన్ వెళ్తుంది. శ్వేత మళ్లీ వస్తుంది. కమలాక్షి దీపంలో నూనె పోసి ఊరుకుంది.

*

సోమవారం పుంగనూరులో కల్యాణమంటపం పని. స్టేజీ వెనక గోడకు గుడ్డ కుచ్చులు పట్టి, ప్లాస్టిక్ పూల తీగలు దించాలి. కమలాక్షి స్టూలెక్కి గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని కుచ్చులు పెడుతుంటే కింద ధనుంజయ వచ్చి నిలబడ్డాడు.

“అమ్మ సద్ది కట్టిచ్చిందక్కా, దిగు. మీ అత్తేంది, నిన్న సాయంత్రం నాకు మూడుసార్లు ఫోన్ చేసింది! ఇల్లు జేరినావా నాయనా, యాడుండావు నాయనా అని. నేనేమన్నా తప్పిపోయిన దూడనా?”

కమలాక్షి పెదాల మధ్యనుంచి సూదులు తీసింది. “నువ్వేమని చెప్పినావు?”

“ఇంట్లో పండుకోనుండాను, లోడు దొరికేదాకా యాడికీ పోనని చెప్పినా. తిన్నావా అంటే, నేనింకా తినలేదు నాయనా, ఇబుడు తింటా అనింది. నీకు భలే అత్త దొరికింది.”

అతను వెళ్లాక ఆమె సద్ది విప్పలేదు. ఫోన్ మోగింది. శ్వేత.

“అక్కా, కథ ముగింపు మీకేమన్నా తెలుసా?”

“నాకెవురు చెప్పినారు? మీరిద్దరే కదా కిటికీలు మూసుకోనింది.”

“రికార్డింగు పంపిస్తాను. మీరొకసారి వినండి. వెనకాల ఒక గొంతు పడిందక్కా. ముందు దాన్ని తీసేద్దామనుకున్నా. తీసేస్తే అత్తయ్య మాటలు అతకడం లేదు. కథ ముక్కలు ముక్కలైపోతాంది.”

కమలాక్షి స్టేజీ వెనక పూల అట్టపెట్టె మీద కూర్చుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

ఆ ఏనుక్కి ఆకలేసింది. అత్తగారి గొంతు చెవి పక్కనే కూర్చుని చెబుతున్నట్టుంది. రాగిచేను మేసింది. సాల్లేదు. అక్కడ ఆమె ఆగింది. వెనక ఎక్కడో దూరంగా టప్, టప్. అనపపప్పు గిన్నెలో పడుతోంది. ఆ తర్వాత, పొడిగా, నిర్లక్ష్యంగా, ఇంకేదో పనిలో ఉన్న మనిషి అన్నట్టుగా:

“ఊ.”

చేలో మంచె మింగింది. మళ్లీ ఆగింది. “ఊ.” మంచె మీద మనిషిని మింగింది. “ఊ.”

కమలాక్షి ఇయర్‌ఫోన్లు తీసి చుట్టూ చూసి మళ్లీ పెట్టుకుంది. తన గొంతే. ఆ రోజు తను నోరు విప్పినట్టే గుర్తులేదు. తొక్కలు పక్కకు వేస్తూ, ఒళ్లంతా మండుతూ, ప్రతి మాటకూ ఊ కొట్టింది. ఆ ఊ వచ్చేదాకా అత్తగారు తర్వాతి మాట ఎత్తుకోవడం లేదు.

తర్వాత కుక్కరు కూత. ఒకటి, రెండు. కథ ఆగిపోయింది. చాలాసేపు కుక్కరు మోత ఒక్కటే. ఆ మోతలోంచి వెంకటరత్నమ్మ గొంతు, కొంచెం హెచ్చుగా: “ఏమ్మే, ఉండావా?”

“ఆఁ, ఉండానత్తయ్యా, చెప్పండి” అని శ్వేత.

“నిన్ను గాదులే” అంది వెంకటరత్నమ్మ.

కూతలు ఆగాయి. స్టవ్ తిప్పిన చప్పుడు. గిన్నె జరిపిన చప్పుడు. టప్. అప్పుడు మళ్లీ కథ మొదలైంది.

కమలాక్షి ఆ చోటుకు వెనక్కి జరిపి మళ్లీ విన్నది. ఇంకోసారి విన్నది. పనివాళ్లు వచ్చి ఎడమవైపు కుచ్చులు జారుతున్నాయని చెబితే లేచి వెళ్లి అవే సూదులు అక్కడే మళ్లీ గుచ్చింది.

*

మంగళవారం పదకొండు గంటలకు కమలాక్షి కిటికీలు తనే మూసింది. అనపగింజల గిన్నె తెచ్చి హాల్లో చాప మీద పెట్టుకుని, ఫోన్ పక్కన పెట్టింది.

“యాల మూస్తాండావు? పుచ్చులు కనపడవంటివే” అంది వెంకటరత్నమ్మ మంచం మీదనుంచి.

“కనపడకపోతే పోనీ. కడమ కత చెప్పత్తా.”

“మీ తమ్ముడు?”

“వాడు ఇంట్లో పండుకోనుండాడు. లేస్తే కదా దావ తప్పేది.”

వెంకటరత్నమ్మ దానిమీద కొంచెంసేపు ఆలోచించింది. సమంజసంగానే తోచినట్టుంది. మంచం దిగి చాప మీదికొచ్చి, తనూ గుప్పెడు గింజలు ఒళ్లో వేసుకుంది. చీకట్లో ఇద్దరూ గింజలు పితకసాగారు.

“కడమ కత నాకు తెలీదు” అంది చివరికి.

“అంటే?”

“మా అమ్మ సెప్పేటబుడు నాకు ఆడికొచ్చేసరికి నిద్ర పట్టేసేది. నేను కీర్తనకి సెప్పేటబుడు అదీ ఆడనే నిద్రపోయ. యినేటోళ్లు నిద్రపోతే ఇంగెవురికి సెప్పేది? ఆ శ్వేత పిల్లకి యామని సెప్పేది? అందుకే నడుము నొప్పి అన్నా.”

కమలాక్షికి నవ్వొచ్చింది. ఆపుకుంది. “పలమనేరు కాడ దావ తప్పకపోయుంటే ఇంగేం చెప్పుంటావు?”

“మీ తమ్ముడే నన్ను కాపాడినాడు పో.” గింజ ఒకటి గిన్నె దాటి దూరంగా పడింది. “నువ్వు మేలుకోనుంటివి గదా.”

“నేనా?”

“కీర్తన నిద్రపోయినాక కూడా వంటింట్లో గిన్నెల కాడ్నించి ఊ అంటా ఉంటివి. బిడ్డ కోసరం సెప్పేది ఆడికి అయిపోయ. అయినా నువ్వు ఊ అంటాంటే నేను ఆపలేక ఇంగో రెండు మాటలు సెప్తాంటి.” వెంకటరత్నమ్మ ఈ మాట గింజలకే చెప్పింది, తల ఎత్తలేదు. “కడాకు ఏమయింటాదని నువ్వనుకుంటివి?”

ఎవరూ అడగని ఆ సంగతి కమలాక్షి దగ్గర ఎప్పటినుంచో ఉంది. చేతులు పని చేస్తుండగా మెల్లగా మొదలుపెట్టింది. బయటికి దుమికినవాళ్లంతా ఎవరిళ్లు వాళ్లు కట్టుకునే పనిలో పడ్డారు. లోపల పిల్ల సంగతి ఎవరికీ గుర్తులేదు. పిల్లకు గొంతు ఎండిపోతోంది. ఏటిగట్టున ఒకామె గిన్నెలు తోముకుంటోంది. ఏనుగు నీళ్లు తాగడానికి అక్కడికొచ్చింది. దాని కడుపులోంచి కథ వినపడుతోంది. వినపడుతూ వినపడుతూ ఆగిపోయింది. గిన్నెలామెకు ఆ కథ తెలుసు. ఆగిన చోటునుంచి తనే ఎత్తుకుంది...

పక్కనుంచి చిన్న గురక. వెంకటరత్నమ్మ గోడకానుకుని, ఒళ్లో గింజలతోనే నిద్రపోతోంది.

కమలాక్షి ఆపలేదు. ఏనుగు ఊ అంది, పిల్ల తొండం మీదనుంచి జారి ఏటి నీళ్లలో పడింది, అని చివరిదాకా చెప్పింది. తర్వాత ఫోన్లో రికార్డింగు ఆపి శ్వేతకు పంపి, అత్తగారి ఒళ్లోని గింజలు ఒక్కొక్కటే తీసుకుంది.

*

ఆదివారం అందరూ కుప్పం వెళ్లారు. రామమూర్తి గోడౌనులో పాత చింతపండు పులుపు వాసన ఇంకా పోలేదు. మధ్యలో ఏనుగు కడుపు నిలబడి ఉంది. వెదురు పక్కటెముకలు, మీద బూడిదరంగు గుడ్డ. గొలుసులూ గజ్జెలూ లేవు. ఆకలి కనిపిస్తోంది. కమలాక్షి చుట్టూ తిరిగి చూసి, బాగుందని ఒప్పుకుంది, లోపలే.

వీడియో కోసం శ్వేత ఆ వీధి పిల్లలను పిలిపించింది. స్పీకర్లలో వెంకటరత్నమ్మ కథ. పిల్లలు తోకవైపు నుంచి దూరి, అరుచుకుంటూ పరిగెత్తి, కథలో ఏనుక్కి మంచె దొరక్కముందే నోట్లోంచి బయటపడ్డారు. “అయిపోయిందా?” అని అడిగారు. మళ్లీ పంపితే మళ్లీ అంతే. ఒకడు గుడ్డ పట్టుకుని ఊగాడు. కుచ్చు ఊడింది.

కమలాక్షి సూదులు తీసుకుని లోపలికెళ్లింది. ఊగేవాడిని పక్కన కూర్చోబెట్టి, వాడి చేయి గుడ్డ మీదికి పోకుండా ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, “ఆ ఏనుక్కి ఆకలేసింది” అంది. సూది గుచ్చుతూ వాడివైపు చూసి ఆగింది.

వాడు ఆమెను చూశాడు. “ఊ” అన్నాడు.

కుచ్చు పెట్టడం అయ్యేసరికి చీకట్లో ఆమె చుట్టూ పిల్లలు కూర్చుని ఉన్నారు. బయట శ్వేత స్పీకర్లు ఆపేసింది. కెమెరా గుడ్డ సందులోంచి లోపలికి పెట్టి, చివరిదాకా కదపలేదు.

మధ్యాహ్నం గోడౌను వరండాలో అందరూ ఆకులు వేసుకుని కూర్చున్నారు. శ్వేత, కమలాక్షి వడ్డిస్తున్నారు. నీళ్ల డ్రమ్ము దగ్గర ఇద్దరే ఉన్నప్పుడు శ్వేత మెల్లగా అంది. “నిజం చెప్పనా అక్కా? ‘నిన్ను గాదులే’ అన్న చోట నాకు ఏడుపొచ్చింది. నేను ఎదురుగా కూర్చోనుండాను. కుప్పం పిల్లా అంటాది, తినమంటాది. ఒక్కసారి కూడా నన్ను అట్ల పిలవలేదు. ఏమ్మే, ఉండావా అని. నువ్వు వంటింట్లో ఉంటే...” చెంబు నిండి పొర్లిపోతున్నా చూసుకోలేదు.

కమలాక్షికి ఎక్కడో చల్లగా తగిలింది. ఆ చల్లదనం చూసుకుని సిగ్గేసింది కూడా. శ్వేత చేతిలో చెంబు తను తీసుకుంది. “సాంబారు చల్లారిపోతాంది, రా” అంది.

ఆకుల ముందుకొచ్చేసరికి శ్వేత పని సంగతి ఎత్తింది. “స్పీకర్లు లాభం లేదు. అక్కడ ఢిల్లీలో ఏనుగు లోపల మనిషి కూర్చోని చెప్పాల. అత్తయ్య ఆ చలికి తట్టుకోలేరు. ఢిల్లీలో నాటకాలేసే ఒకమ్మాయి ఉంది, చాలా బాగా చేస్తాది. మాట్లాడతాను. కథ నేర్పిస్తే...”

“అదే మంచిది” అన్నాడు బెంగుళూరు నుంచి వచ్చిన నవీన్.

చక్కగా పైజమా లాల్చీ వేసుకున్న, ముఖం తెలియని ఆ అమ్మాయి ఏనుగు కడుపులో కూర్చుని, రెండు చేతులూ తిప్పుతూ, ఆకలేసింది అని చెప్పడం కమలాక్షికి కళ్లకు కట్టింది. ఆ అమ్మాయి మధ్యలో ఆగుతుందో లేదో. ఆగినా ఎవరి కోసం ఆగుతుందో. పాత ఉక్రోషం మళ్లీ లేచింది. ఈసారి దాన్ని అణచుకోలేదు.

సంగటి ముద్ద దేవేంద్ర ఆకులో వేసి, గంటె గిన్నెలో పెట్టింది.

“ఢిల్లీకి నేను పోతాండాను” అంది. గొంతు పెంచలేదు. “లోపల కూర్చోని కత నేను చెప్తాను.”

దేవేంద్ర చెయ్యి ఆకు మీదే ఆగింది. “ఫిబ్రవరిలోనా? ముహూర్తాలు యాడికి పోతాయే? ఏనుగులు ఎవురు కోస్తారు?”

“కోసినవి షెడ్లో ఉండాయి. రంగేసి నిలబెట్టండి.”

“అమ్మా, నీకు హిందీ యాడొచ్చు?” అంది కీర్తన.

“షాపులో పనోళ్లతో రోజూ మాట్లాడే ఉర్దూ ఏ భాష? దాంట్లోనే చెప్తాను. అర్థం కాకపోతే వాళ్లే అడుగుతారు.”

రామమూర్తి వియ్యంకుల ఇంటి విషయం కదా అని ఆకులోకే చూస్తున్నాడు. నవీన్ అన్న మొహం చూశాడు. శ్వేత కమలాక్షిని చూస్తోంది, వద్దనడం లేదు. అందరూ చివరికి వెంకటరత్నమ్మ వైపు తిరిగారు. ఇంట్లో ఎవరు ఎక్కడికి పోవాలన్నా చివరి మాట ఆమెదే. బోర్డు మీద పేరూ ఆమెదే.

వెంకటరత్నమ్మ సంగటి ముద్దను వేళ్లతో గుంట చేసి, పితికిపప్పు అందులోకి జారేదాకా చూసింది. తల ఎత్తలేదు.

“ఊ” అంది. “తరవాత?”